తెల్లపూల ఇల్లు

దీవిలోని ప్రోతరాపూర్‌లో ఆ వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా రెండుసార్లు నడిచినా పోలిరాజుకు తెల్లపూల చెట్టు కనిపించలేదు. మూడోసారి కాలవ గట్టు మీద జారి మడమ మెలిపడింది. సాయంత్రపు ఎండలో కుంటుకుంటూ వచ్చి, ఎర్రపూలు విరగబూసిన ఒక ఇంటి ముందు కూలబడ్డాడు.

తప్పు తనదే. యర్రయ్య మామ పొద్దున్నే వెళ్లమన్నాడు. చిరిగిన వల బాగుచేసుకునేసరికి ఇంత పొద్దయింది. మామ తెల్లారగానే ఈ వీధుల్లో చేపలమ్ముతాడు. పోలిరాజుకు చెయ్యాలనుకున్న పిల్లను అలాగే చూశాడు.

"ముందు నువ్వు చూడు. పేరు పెట్టి ఎవర్నీ అడక్కు. సంబంధం తప్పిపోతే పిల్లకి మాటొస్తాది. వాపుకి ఆకు కావాలని చెప్పు. తెల్లపూల చెట్టున్న ఇల్లు, అంతే. నువ్వు ఊఁ అంటే రేపు మాటిచ్చేస్తాను," అన్నాడు.

తండ్రి పోయాక పెంచి పెద్దచేసిన మామ. ఆయన మాట కాదనడం పోలిరాజుకు అలవాటు లేదు.

"ఏటైంది?" అంటూ లోపల్నుంచి ఒక పిల్ల వచ్చింది.

"కాలు బెణికినాది. తెల్లపూల చెట్టున్న ఇల్లు ఎతుకుతున్నాను. వాపుకి దాని ఆకు కావాలి."

"వాపు ఎవరికి?"

పోలిరాజు తడబడ్డాడు. "ఇప్పుడైతే నాకే."

ఆ పిల్ల నవ్వు ఆపుకుంది. "తెల్లపూలు ఇప్పుడు కనపడవు. పొద్దున్నయితే నేనే చూపిస్తాను. అందాకా ఈ ఆకు పనికిరాదా?"

ఎర్రపూల చెట్టు నుంచి అరచేతంత ఆకులు కోసింది. పత్తి ఆకులా అంచులు చీలి, నూగుగా ఉన్నాయి. రాతి మీద నూరితే బెండకాయ జిగురు లాంటిది వచ్చింది. మడమకు పట్టు వేసి పాతగుడ్డ కట్టింది.

"మందారమా?"

"ఆ జాతే. పత్తిమందారం. గడ్డలకీ కాలిన పుళ్లకీ మా ఇంట్లో ఇదే డాక్టరు. పువ్వు మాత్రం ఒక్కరోజుదే. రాత్రికి ముడుచుకుంటాది."

గుమ్మంలో కూర్చున్న అవ్వ గురమ్మ అందుకుంది. "ఇశాపట్నంలో ఈ దీవికొచ్చే జహాజెక్కినప్పుడు తడిగుడ్డలో కొమ్మ చుట్టి తెచ్చినాను. ఆయన వల తెచ్చుకున్నాడు, నేను ఇది తెచ్చుకున్నాను. నువ్వెవరి బాబువి?"

"జంగ్లీఘాట్ యర్రయ్య మేనల్లుణ్ణి."

అవ్వ మనవరాలి వంక ఒకసారి చూసి, వక్కపలుకు నోట్లో వేసుకుంది. "ఆఖరీ బస్సు ఎల్లిపోనాది. ఈ కాలితో ఎక్కడికెల్తావు? చెట్టు పక్కన మంచమేయిస్తాను, పడుకో."

"భయ్యా, మీ చార్‌పాయ్ ఒకటి ఇస్తారా?" పిల్ల పక్కింటాయన్ని కేకేసింది.

చేపల పులుసు వడ్డిస్తూ కూడా ఊరుకోలేదు. "సముద్రం మీద బతికేవోళ్లు కాలవ దగ్గర జారిపోతారా?"

"సముద్రంలో గట్టుండదు కదా," అన్నాడు పోలిరాజు. అవ్వ కూడా నవ్వింది.

మంచం మీద వాలాక అతనికి ఒకటే ఆలోచన. ఈ దీవిలో కండక్టరైనా కొట్టువాడైనా అందరికీ భయ్యాయే. ఆ పిల్ల తనను ఒక్కసారి కూడా అలా పిలవలేదు.

తెల్లవారింది. వాపు తగ్గింది. చెట్టుకు వీపు పెట్టి మంచం అంచున కూర్చున్న పోలిరాజుకు ఆ పిల్ల టీగ్లాసు అందించింది.

"రండి, తెల్లపూల చెట్టు చూపిస్తాను."

"ఆ ఇంటికి ఇంకెల్లను."

"ఆకొద్దా?"

"ఆకుకోసం రాలేదు. మా మామ ఒక పిల్లని చూశాడు. నచ్చిందో లేదో చూడ్డానికొచ్చాను." గ్లాసులోకి చూస్తూ అన్నాడు. "ఆయన మాట ఎప్పుడూ కాదన్లేదు. ఇవాళ కాదంటాను."

"చూడకుండానే?"

"నాకు ఎర్రపూల ఇల్లు నచ్చినాది."

ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీ మామతో ఆ మాట చెప్పేముందు, ఓసారి వెనక్కి తిరిగి చూడండి."

పోలిరాజు తిరిగి చూశాడు.

నిన్నటి ఎర్రపూల చెట్టు నిండా, ఇంకా ఎండకు ఎర్రబడని తెల్లపూలు.