కోతి తరఫున

"కోతిని చూసి ఏమిట్రా ఆ వెకిలి నవ్వులు? సిగ్గులేదూ?" అంటూ భర్త ఆ కాలేజీ కుర్రాళ్ళ మీదికి వెళ్ళేసరికి ఆమెకు తల కొట్టేసినట్టయింది.

అది బోనుల్లేని జూ. నీటి కాలువకు అవతల కోతులు తమ మానాన తాము చెట్లెక్కి ఆడుకుంటున్నాయి. ఇవతల జనమంతా వాటిని వదిలేసి ఆమె భర్తనే చూస్తున్నారు.

ఆమె అతణ్ణి చెయ్యి పట్టుకుని ఐస్‌క్రీం బండి దాకా లాక్కొచ్చింది.

"సెలవు రోజని పిల్లని తీసుకొస్తే ఇదేం గొడవండీ? ఆ కోతికి లేని రోషం మీకెందుకు?"

అతను మొహం కందగడ్డలా చేసుకుని వరసలో నిలబడ్డాడు.

ఎడమకాలు ఈడ్చుకుంటూ వెనకాలే వచ్చిన కూతురు ఆమె చెయ్యి లాగింది.

"నాన్నని తిట్టకమ్మా. వాళ్ళు నవ్వింది కోతిని చూసి కాదు. నాలాగ నడిచి చూపించుకుని నవ్వారు. నేను చూశానని నాన్నకి చెప్పకేం."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. భర్త తెచ్చిన ఐస్‌క్రీం పిల్ల చేతిలో పెట్టి, ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చోబెట్టింది.

"పదండి," అంది భర్తతో. "ఆ కోతినేమన్నారో నేనూ అడుగుతాను."