సుంకన్న నడుము నొప్పి

మందుల బండి వచ్చి మూతపడిన బడి ముందు ఆగింది. సుంకన్న ఒక్కడే వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ఊళ్లో మిగతా ఇళ్లన్నిటికీ తాళాలే. వానల్లేక జనమంతా బెంగళూరుకు కూలికి పోయారు.

"పోయిన నెల మోకాలు, అంతకుముందు చెవి. ఈసారి ఏంది తాతా?" నర్సు రూతు నవ్వింది.

"నడుమమ్మా."

ఆమె బీపీ చూసింది. నడుము నొక్కి చూసింది. "గుండ్రాయి మాదిరి ఉండావు. నీకే రోగమూ లేదు. మాట్లాడేకి మనిషి లేక వస్తాండావు, అంతే గదా?"

సుంకన్న తల వంచుకున్నాడు.

"వచ్చే నెల నుంచి బండి ఈడ ఆగదేమో తాతా. రోగులు లేని ఊరికి ఎందుకని పెద్ద డాక్టరు అడుగుతాండాడు."

"నేనుండాను గదమ్మా."

"రోగం లేనోన్ని రాసుకుంటే నన్ను తిడతారు."

సుంకన్న తువాలు చెంగున కట్టిన ముడి విప్పాడు. ఇన్నాళ్లూ ఆమె ఇచ్చిన మాత్రల అట్టలన్నీ అందులో ఉన్నాయి. ఒక్క మాత్ర కూడా తగ్గలేదు.

"ఇవి ఎవరికన్నా ఇయ్యమ్మా. మా ఇంటామెకు పాణం బాగలేనప్పుడు ఈ ఊరికి ఏ బండీ రాలేదు. ఆస్పత్రికి తీసకపోతాంటే దావలోనే పానం పోయింది. రేపు వాన పడితే మావోళ్లు పిల్లాజెల్లాతో తిరిగొస్తారు. ఒకసారి నిలిచిపోయిన బండిని మళ్లా యాడ నుంచి తెచ్చేది?"

రూతు ఖాళీ వీధి వైపు చూసింది. రోగుల పేర్లు రాసే పుస్తకం తెరిచి పెన్ను తీసుకుంది.

"నొప్పి యాడన్నావు తాతా?"

"నడుము," అన్నాడు సుంకన్న. "వచ్చే నెల భుజం."