మూతివిరుపు

విమానంలో బెల్టు పెట్టుకోమంటే అత్తగారు మూతి విరిచింది. కాఫీ ఇస్తే మూతి విరిచింది. కోడలు ముచ్చటపడి కిటికీలోంచి మబ్బులు చూపిస్తే, "ఏముందీ, దూది" అని మళ్లీ విరిచింది.

ఆ విరుపు మామూలు విరుపు కాదు. ముందు పెదవి ఎడమ కొస పైకి లేస్తుంది. వెనకే ముక్కు ముడత పడుతుంది. చివర్లో గడ్డం జానెడు పక్కకి పోతుంది. బట్టల షాపుల్లో సేల్స్‌మెన్ ఆవిణ్ణి చూడగానే టీ తాగొస్తామని మాయమైపోతారు. ఎంతోమంది అనుకరించబోయి మెడ పట్టేసి ఊరుకున్నారు. పక్కనే పుట్టిపెరిగిన కొడుక్కి కూడా అది అబ్బలేదు.

పక్క సీటావిడ ఊసుపోక అత్తగారిని పలకరించింది. "పిల్లలెంతమందండీ?"

"ఒక్కడే. అడుగో, మా చిన్నోడు."

"ఒక్కడే అయితే చిన్నోడేంటండీ!" అని పకపకా నవ్విందావిడ.

అత్తగారు ఠక్కున కళ్లు మూసుకుని గురక పెట్టేసింది.

చిన్నోడూ కోడలూ పరాయి దేశం వెళ్తున్నది ఓ నాలుగేళ్ల పాపని పెంపకానికి తెచ్చుకోడానికి. పాప తల్లీ తండ్రీ ఒకే కారు ప్రమాదంలో పోయారు. అప్పట్నుంచీ అక్కడ పిల్లల హోంలో ఉంటోంది. ఈవిణ్ణి ఇంట్లో వదిలేసి హాయిగా వెళ్దామంటే కుదర్లేదు. ఆ హోం రూలు అలాంటిది. ఇంటి పెద్ద స్వయంగా రావాలి. పాపని ఎదురుగా పెట్టుకుని, తను పాపకి ఏమవుతుందో తన నోటితో తనే చెప్పాలి. ఫోన్లో చెప్తే ఒప్పుకోరు, రాసి పంపితే చెల్లదు. పెద్దావిడ "నాకేమీ కాదు" అనేసిందా, అంతే సంగతులు. పాప ఇంకెవరింటికో వెళ్లిపోతుంది.

హోటల్ గదిలో కోడలు అత్తగారి చీర ఇస్త్రీ చేస్తూ బతిమాలింది.

"అత్తయ్యా, అడిగేది ఒక్కటే ప్రశ్న. ఉన్నమాట చెప్పండి, చాలు."

"ఉన్నమాటేగా? నేనేమీ కానని చెప్తా."

"అంత మాటనకండి. మీ కాళ్లు పట్టుకుంటా."

"ముందు ఆ ఇస్త్రీ పెట్టె పట్టుకో, చీర మాడుతోంది. ఎవడో ఊరూ పేరూ లేనివాడి కూతురు. దాన్ని నెత్తినెక్కించుకుని ఊరేగుతామంటే మీ ఇష్టం. మధ్యలో నన్నెందుకు లాక్కొచ్చారు?"

చిన్నోడికి ఉండబట్టలేదు. "అమ్మా, ఆ పిల్లేం చేసిందే నిన్ను?"

"పిల్లేం చేస్తుందిరా. చేసినవాళ్లు చేసేసి, పోయారు."

చిన్నోడు బాత్రూంలోకి వెళ్లి కొళాయి తిప్పాడు. చాలాసేపటిదాకా కట్టలేదు.

మర్నాడు హోంలో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ అత్తగారి మూతికి క్షణం తీరిక లేదు. కర్టెన్లకి ఒకసారి, నేల తుడిచిన మందు వాసనకి ఒకసారి, ఆఫీసరమ్మ వేసుకున్న జోళ్లకి ఒకసారి. గోడ మీద ఏనుగు బొమ్మకి రెండుసార్లు.

"తొండమేదో తోకేదో తెలీట్లేదు. పిల్లలు జడుసుకోరూ? ఇన్ని కుండీలు పెట్టారు, ఒక్కదాంట్లోనైనా మొక్క బతికుందేమో చూడు. వీళ్లా పిల్లల్ని పెంచేది!"

వాళ్ల మాట మనకీ, మన మాట వాళ్లకీ చెప్పడానికి కూర్చోబెట్టిన అమ్మాయి ఇదంతా ఆఫీసరమ్మకి చెప్పాలా వద్దా అని గుటకలు మింగింది. కోడలు వద్దని కళ్లతోనే దణ్ణం పెట్టింది.

అప్పుడొచ్చింది పాప. పసుపుపచ్చ స్వెట్టర్. ఒక కాలికే మేజోడు. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

కోడలు గబుక్కున నేలమీద మోకాళ్లేసి, సంచిలోంచి బొమ్మ తీసింది. ఊరంతా తిరిగి ఏరికోరి తెచ్చిన బొమ్మ, పొట్ట నొక్కితే పాడుతుంది. "నీకేనమ్మా బంగారూ!" అంది.

పాప బొమ్మని కిందా మీదా చూసింది. పొట్ట నొక్కింది. బొమ్మ పాడింది.

పాప పెదవి ఎడమ కొస పైకి లేచింది. వెనకే ముక్కు ముడత పడింది. చివర్లో గడ్డం పక్కకి పోయింది.

బొమ్మ ఇంకా పాడుతూనే ఉంది. కోడలు మొగుడి వైపు చూసింది. మొగుడు గోడ మీది ఏనుగు వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఆఫీసరమ్మ పెన్ను తీసి ఏదో అడిగింది. ఆ అమ్మాయి మన మాటల్లోకి మార్చి చెప్పింది. "పెద్దమ్మగారూ, ఈ పాపకి మీరేమవుతారు?"

అత్తగారి పెదవి అలవాటు కొద్దీ పైకి లేవబోయింది. లేవలేదు. హోటల్ నుంచి పుక్కిట పట్టుకొచ్చిన 'ఏమీ కాను'ని కాస్తా మింగేసింది.

కుర్చీలోంచి లేచింది. మోకాళ్లు కటుక్కుమన్నాయి. పాప ముందు చతికిలబడి, ఇంకా పాడుతున్న ఆ బొమ్మని లాక్కుని, తన హ్యాండ్‌బ్యాగులో కుక్కి జిప్పు లాగేసింది.

"చెత్త బొమ్మ కదూ?" అంది.

ఆ అమ్మాయి వాళ్ల భాషలో చెప్పేలోపే పాప అవునన్నట్టు తలూపింది.

అత్తగారు కొంగుతో ముక్కు తుడుచుకుని, ఆ అమ్మాయి వైపు తిరిగింది.

"అమ్మమ్మనని చెప్పు, దీన్ని కన్నది నేను గడప తొక్కొద్దన్న నా పెద్దపిల్లే."