మన గుండెల లెక్క

"మళ్ళీ తాగావు కదూ?"

అడుగుతూనే నివి వంగి కిల్లాక్ తాత నోటి దగ్గర వాసన చూసింది. కాఫీయే. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"తబీత గుమ్మంలో నిలబడి పిలిచింది. కాదంటే ఏమనుకుంటుంది?" అన్నాడు తాత తాపీగా.

"నిన్నా ఇదే చెప్పావు. పరీక్షకి ముందు కాఫీ తాగితే గుండె నిజం చెప్పదని ఎన్నిసార్లు మొత్తుకోవాలి చిన్నతాతా?"

ఈ ఊళ్ళో ఎవరింటి ముందు నుంచి వెళ్ళినా కాఫీ తాగించందే వదలరు. ఆ మర్యాదే నర్సు నివి ప్రాణాలు తోడేస్తోంది. ఆరోగ్యంగా ఉన్న మన మంచుదేశపు ఇనూయిట్లలో గుండెని నడిపే నరాలు ఎలా పనిచేస్తాయో కొలవడానికి యంత్రం వచ్చింది. లెక్క పూర్తవడానికి ముసలివాళ్ళలో ఇంకొక్కరు తక్కువ. ఆ ఒక్కరి కొలతా దొరక్కుండానే రేపు మధ్యాహ్నం హెలికాప్టర్లో యంత్రం వెళ్ళిపోయేలా ఉంది.

వెళ్ళిపోతే నివి వాళ్ళమ్మ సంగతి అంతే. డెన్మార్క్ తెల్లవాళ్ళ కొలతలతో పోల్చి ఆమె గుండె నరాలు బలహీనమన్నారు, పడవెక్కొద్దన్నారు. మనవాళ్ళ కొలతలు పూర్తయితే మళ్ళీ చూస్తానని పెద్ద డాక్టరు మాటిచ్చాడు. వేటకి పోలేక ఆమె పొద్దస్తమానం కిటికీ దగ్గరే కూర్చుంటోంది.

"నాకూ అదే మంట," అన్నాడు తాత. "వాళ్ళు వెన్నా రొట్టే తినేవాళ్ళు, మనం సీల్ మాంసం తినేవాళ్ళం. వాళ్ళ కొలతలు మనకెందుకే?"

"అయితే రేపు కాఫీ ముట్టుకోకు."

మర్నాడు నివి తనే వెళ్ళి తాత చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. తబీత గుమ్మంలోకి రాగానే "వద్దు పిన్నీ" అనేసింది. తబీత మొహం మాడిపోయింది. పక్కింటామె విసురుగా తలుపేసుకుంది. దారిపొడుగునా అందరికీ చెడ్డదై, చివరికి తాతని మంచం మీద పడుకోబెట్టింది.

తాత నెమ్మదిగా ఊపిరి పీల్చి వదిలాడు. లేచి నిలబడమంటే నిలబడ్డాడు. బుగ్గలు పూరించి గొట్టంలోకి ఊదాడు. గుండె పరుగెత్తాల్సిన చోట పరుగెత్తింది, నెమ్మదించాల్సిన చోట నెమ్మదించింది. కుర్రాళ్ళకి కూడా ఇంత చక్కగా రాలేదు. నివికి సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది.

"ఇంక కాఫీ తాగొచ్చా?"

"కడుపునిండా తాగు. ఒక్క ప్రశ్న, అందర్నీ అడగాలి కాబట్టి అడుగుతున్నా. మీ అమ్మా నాన్నా ఇక్కడివాళ్ళేగా?"

"ఏ అమ్మా నాన్నా?"

బయట హెలికాప్టర్ చప్పుడు దగ్గరవుతోంది. నివి విసుక్కుంది.

"ఏ అమ్మేమిటి తాతా? మా తాతకి తమ్ముడివి, ఆ మాత్రం తెలీదా? నిన్ను కన్నవాళ్ళు."

"కన్నవాళ్ళా? వాళ్ళది డెన్మార్క్. పాల వ్యాపారం," అన్నాడు తాత, కప్పు కోసం వెతుక్కుంటూ. "ఓడ పగిలి నేనీ ఒడ్డుకి కొట్టుకొస్తే, మీ తాత, చచ్చిపోయిన తన తమ్ముడి పేరు నాకు పెట్టి, తమ్ముడే తిరిగొచ్చాడని ఇంట్లో ఉంచుకున్నాడు. కిల్లాక్‌నయ్యాక ఇంకా డెన్మార్క్ వాణ్ణెలా అవుతానే?"