ఏడుపు సీను

"కట్" అన్నాడు హోల్డెన్ మళ్ళీ. ఈసారి విసురుగా కుర్చీలోంచి లేచాడు కూడా.

షూటింగు కోసం దోహాలోని అల్ ముంతజా పేటలో అద్దెకు తీసుకున్న ఫ్లాట్ అది. హాల్లో చాప మీద ఆంజనమ్మ కూర్చుని ఉంది. కడప వైపు మనిషి. ఈ ఊళ్ళోనే ఒకరింట్లో పని చేస్తోంది, భర్తది ఊరి శివారు లుసైల్‌లో కట్టుబడి పని, ఉండేది కూలీల క్యాంపులో. శుక్రవారం సెలవు కాబట్టి నటించడానికి వచ్చింది. సీను చిన్నదే. భర్త చనిపోయాడని ఫోనొస్తుంది, ఆమె ఏడవాలి. పొద్దుట్నుంచీ ఎన్నిసార్లు తీసినా ఆమె కంట చుక్క నీరు రాలేదు. ఫోను చెవికి ఆనించుకుని గోడకేసి చూస్తోంది, అంతే.

హోల్డెన్ సాలమన్‌ను వంటగదిలోకి పిలిచాడు. భీమవరం నుంచి వచ్చిన సాలమన్ అతని దగ్గర అసిస్టెంటు. ఆమెకు తెలుగులో చెప్పేదీ అతనే.

అమెరికాలో ముప్పయ్యేళ్ళు టీవీ సీరియళ్ళు తీసి పేరు తెచ్చుకున్న మనిషి హోల్డెన్. ఆ తర్వాత సొంతంగా తీసిన సినిమాలు రెండూ పోయాయి. ఒకప్పుడు వెంటపడ్డ ఛానళ్ళవాళ్ళు ఇప్పుడు ఫోను కూడా ఎత్తడం లేదు. ఇదీ పోతే తనకిక సినిమా లేదని అతనే సాలమన్‌తో అన్నాడు.

"అలాంటి వార్త విన్న ఆడది ఇలా ఉంటుందా? వెళ్ళి, ఆమె భర్త నిజంగానే చచ్చిపోయాడని చెప్పు. షాట్ అయ్యాక అబద్ధమని చెప్పేద్దాం" అన్నాడు హోల్డెన్.

సాలమన్ తల అడ్డంగా ఊపాడు. పాపం సార్, వద్దన్నాడు. పేరున్న నటుల్నే ఇలా ఏడిపించాననీ, తర్వాత వాళ్ళే వచ్చి కౌగిలించుకున్నారనీ హోల్డెన్ చెప్పాడు. చేతకాకపోతే రేపట్నుంచి రావద్దన్నాడు.

సాలమన్ వెళ్ళి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. వెనక కెమెరా నడుస్తోంది. ఆమె మొహంలోకి చూడలేక, చాప అంచుకేసి చూస్తూ నోరు విప్పాడు.

"అమ్మా, లుసైల్ నుంచి ఫోనొచ్చింది. మీ ఆయన సైట్లో పైనుంచి పడిపోయాడంట. ఇక లేడంట."

ఆంజనమ్మ ఏడవలేదు. ఉలిక్కిపడనూ లేదు. చేతిలో ఫోను మెల్లగా చాప మీద పెట్టింది.

"పడలేదు నాయనా, నిద్దట్లోనే పోయినాడు. తెల్లార్తానే క్యాంపోల్లు ఫోన్ చేసినారు. సాయంత్రం దాకా మనిషిని చూపియ్యరంట. అందాక యాడ కూర్చోవాల్నో తెలీక ఈడికొస్తి."