కోయని పేజీలు

అద్దె పుస్తకాల షాపుకు కొత్తగా వచ్చిన దయ్యాల నవలను గంగమణి పైకి చదువుతుంటే, చుట్టూ ఆడపిల్లలు బీడీలు చుడుతూ వినేవారు. చదివినందుకు ఆమె వంతు బీడీలు వాళ్ళే చుట్టిపెట్టేవారు. అంచులు కోయకుండానే అచ్చయి వచ్చిన పేజీలను ఆమె బీడీ ఆకులు కత్తిరించే కత్తెరతోనే ఏ రోజువి ఆ రోజు కోసేది.

హాస్టల్లో ఉండే ఒక అమ్మాయికి దయ్యం పట్టిన కథ అది.

"నాకు నిద్ర పడ్తలేదు" అంది ఒక పిల్ల. "గా వార్డెన్‌ను ఎప్పుడు సంపుతది?" అంది ఇంకొకతె.

అక్షరం ముక్క రాని పోసాని తలెత్తకుండా అంది. "నాకైతే దయ్యమే మంచిగనిపించిందక్కా. గా పోరి ఏడిస్తే ఎవ్వలు ఇనలే. దయ్యం పట్టినంక అందరు ఇన్నరు."

మర్నాడు పొద్దున పోసానిని చూడడానికి ముప్కాల్ నుంచి రెండో పెళ్ళివాడు తనవాళ్ళతో వచ్చాడు. వద్దని ఆమె ఎంత ఏడ్చినా ఇంట్లో వినలేదు. పసుపు కొమ్ములు ఆరబోసిన వాకిట్లోకి పోసాని జుట్టు విరబోసుకుని వచ్చి, తనది కాని గొంతుతో అంది.

"ఈ పిల్ల నాది. తాకినవాడి చేయి నాకు కావాలి."

వచ్చినవాళ్ళు చాయ్ అక్కడే పెట్టి లేచిపోయారు. పక్కింటి గోడ మీంచి చూస్తున్న గంగమణికి నవ్వాగలేదు. పిల్ల నవల బాగానే ఒంటబట్టించుకుంది అనుకుంది.

మధ్యాహ్నం అందరూ కూర్చున్నాక కత్తెరతో తర్వాతి పేజీ కోసింది. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది.

'ఈ పిల్ల నాది. తాకినవాడి చేయి నాకు కావాలి.'

పోసాని బీడీ చుట్టడం ఆపి, పొద్దుటి గొంతుతో మెల్లగా అంది.

"ఇంక కోయకు. తర్వాతి పేజీల్లో నన్ను వెళ్ళగొడతారు."