ఎలుగుబంటి చుట్ట

రేషను బియ్యానికి వేలిముద్ర వేసే రోజులు పోయి, మెడ చూపించే రోజులొచ్చాయి. యంత్రం మొదట మెడ తడుముతుంది. గడ్డ తగిలితే సన్నటి సూది దింపి రవ్వంత రసం లాగుతుంది. పచ్చదీపం వెలిగితే బియ్యం పట్టుకుని ఇంటికి పోవచ్చు. ఎర్రదీపం వెలిగితే కేన్సరు. బియ్యంతోపాటు పట్నం ఆసుపత్రికి చీటీ కూడా ఇస్తారు.

సూది దిగినవాళ్లు కదలకుండా ఉండాలని రేషను డీలరు అప్పలసూరి తన తాత కథ చెప్పేవాడు. జీడితోటలో ఓ ఎలుగుబంటి తాతను చుట్టకి నిప్పడిగిందట. చుట్టకి మరిగి, పీల్చి పీల్చి, దగ్గి దగ్గి చచ్చిందట. సరిగ్గా అది చచ్చేసరికి దీపం వెలిగేది.

ఆ రోజు కుర్చీలో కూర్చున్నది అతని వదిన పైడమ్మ. నిప్పు నోట్లోకి పెట్టుకుని నలభై ఏళ్లుగా అడ్డచుట్ట కాలుస్తున్న మనిషి. ఆమె మెడలో గడ్డ తగిలి సూది దిగింది.

"అది గడ్డ కాదొదినా, మా అన్నని తిట్టగా మిగిలిపోయిన తిట్లు!"

"మిగల్నిచ్చినానేటి? కత సెప్పు."

ఎలుగు రెండో దమ్ము లాగకముందే ఆమె వెనక ఎర్రదీపం వెలిగింది. అప్పలసూరి కథలోని ఎలుగుకి ఇంకో చుట్ట ఇచ్చాడు. ఆ తర్వాత మరొకటి.

"మర్దీ," అంది పైడమ్మ, మెడ కదపకుండానే. "వందసార్లు ఇన్నాను. ఇయేల ఆ ఎలుగు సావదేటి?"

అప్పలసూరి చీటీ చింపాడు. అది వంకరగా చిరిగింది.

"ఈపాలి సావదొదినా. రేపు దాన్ని పట్నం తీసుకెల్తన్నాను."